ఊ కొట్టినవాళ్ళ గోడు

2019 ఏప్రిల్ 15, సోమవారం. ఆ తెల్లవారుజామున ముక్కాం తీరంలో ఒక్క పడవా కదల్లేదు. మా భోగాపురం మండలంలోనే కాదు, తూర్పు తీరం పొడవునా ఆ రోజునుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. సముద్రాన్ని పురిటిగదిలా వదిలేసి మనుషులు గడప ఇవతలే ఆగిపోయే కాలం. ఒడ్డుకు లాగిన పడవలు ఇసకలో ఒక పక్కకు ఒరిగి, కాడి దింపిన ఎడ్లలా పడుకున్నాయి. సరుగుడు తోపుల్లో గాలి ఈల వేస్తోంది. వెనక జీడితోటల్లో రాలిన పళ్ళ పులుపు వాసన ఉప్పుగాలితో కలిసి ముక్కుకు తగులుతోంది. ఆ ఇసక మీద కూర్చుని, ఉదయం ఆరున్నరకి, అరచేతంత ఫోను ముందు పెట్టుకుని, నేనూ మా పిన్ని కొడుకూ ఒక మహాకథ ఆఖరి పర్వానికి చెవి ఒగ్గాం.

ఆ కథ గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే టీవీ సీరియల్. అమెరికాలో ఆదివారం రాత్రి తొమ్మిదికి వెలిగిన దీపం మాకు సోమవారం పొద్దుతోపాటు వచ్చేది. ఎనిమిదేళ్ళు వెంట నడిచిన కథ ఆరు సోమవారాల్లో అయిపోయింది. అయిపోయింది అంటున్నాను గానీ, ముగిసింది అనడానికి నోరు రావడం లేదు. ఈ రెండు మాటల మధ్య ఉన్న ఎడమే నా దుఃఖం.

కథ వినడమంటే ఏమిటో నాకు మా నాయనమ్మ నేర్పింది. వేసవి రాత్రుళ్ళు, పెంకుటింటి ముందు, నులకమంచం మీద. మొదలుపెట్టే ముందు ఆవిడ పెట్టే షరతు ఒక్కటే. "ఊ కొట్టాలిరా గుంటడా. నువ్వు ఊ కొట్టడం ఆపీసినావంటే నాను కత ఒగ్గీసినట్టే." ఆ చిన్న "ఊ" మీద కాలు మోపి పంచకల్యాణి గుర్రం ఏడు సముద్రాలు దూకేది. ఆ "ఊ" ఊపిరితోనే మర్రితొర్రలో మాంత్రికుడి ప్రాణమున్న చిలక గుండె కొట్టుకునేది. ఊ అంటే వింటున్నాననడం కాదు, నమ్మానని. నువ్వు చెప్పింది నా లోపలికి దిగింది, తరవాతి మెట్టు కట్టు, కాలు పెడతానని. కథలో సగం చెప్పేవాళ్ళది, సగం ఊ కొట్టేవాళ్ళది. ఊ ఒక అప్పు. వినేవాడు రాత్రంతా ఇస్తూ పోతాడు. చెప్పేవాడు తెల్లారేలోగా వడ్డీతో తీర్చాలి.

రోజంతా జీడిపిక్కలు ఏరి ఒళ్ళు హూనమైన ఒక రాత్రి, ఆవిడ రాక్షసుడి కోటలో చిక్కుకున్న రాకుమారుణ్ణి ఒక్క మాటలో ఇంటికి తెచ్చేసింది. "మరేటుంది, కోట దాటీసినాడు, ఇంటికొచ్చీసినాడు, పెళ్ళయిపోనాది." నేను ఊ కొట్టలేదు. చీకట్లో చాలాసేపు కీచురాళ్ళ రొద తప్ప ఏమీ లేదు. తరవాత మంచం కిర్రుమంది. ఆవిడ లేచి కూర్చుని, చెంబులో నీళ్ళు గొంతులో పోసుకుని, "ఒప్పుకోవేటి? సరే, కోట కాడికే పోదాం, పద" అంది. రాకుమారుణ్ణి మళ్ళీ వెనక్కి తీసుకుపోయి, ఏడు గోడలూ ఒక్కొక్కటే దాటించి తెచ్చింది. నేను ఏడు ఊలు కొట్టాను. ఆరేళ్ళ పిల్లవాడి మౌనాన్ని మన్నించి, అలిసిన కాళ్ళతో కథలోకి తిరిగి నడిచిన ఆ ముసలితల్లిని తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమ్మగిల్లుతాయి.

నాయనమ్మ వెళ్ళిపోయాక ఆ ఊ చందమామ పాత సంచికల్లోకి వలస పోయింది. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు, 1954 నాటి తోకచుక్క మొదలుకొని రాకాసిలోయ, పాతాళదుర్గం, మాయాసరోవరం దాకా, చిత్రా గారి బొమ్మల వెలుగులో చదివాను. అడవి అంటే అడవి. ఆకు కదిలితే ఎవరు కదిపారో తరవాతి నెలకైనా తెలిసేది. ఆపైన పెద్దవాణ్ణయ్యాను. లోకం నన్ను ఊ కొట్టనివ్వని వయసులోకి తోసింది. అప్పుడు, 2011లో, హాస్టల్ గదిలో ఆరుగురం ఒక ల్యాప్‌టాప్ చుట్టూ మూగి, ఎవరో గేమ్ ఆఫ్ థ్రోన్స్ మంచుగోడ అవతలి అడవిని తెర మీద తెరవగా చూశాం. పదేళ్ళుగా గొంతులో నిద్రపోయిన ఊ ఉలిక్కిపడి లేచింది.

ఎంత గొప్ప కథ! జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 1996లో మొదటి నవలతో పోసిన పునాది. ఆ పునాది మీద డేవిడ్ బెనియాఫ్, డి. బి. వైస్ కట్టిన మేడ. మొదటి సీజన్ తొమ్మిదో భాగంలో నెడ్ స్టార్క్ తల తెగిపడినప్పుడు గదిలో ఆరుగురమూ మాటాడలేదు. కథకు కన్ను లాంటివాణ్ణి కథే పొడిచేసుకుంది. కానీ అన్యాయం అనిపించలేదు. అతని నిజాయితీయే, అతని జాలే, అడుగడుగునా అతన్ని ఆ మెట్ల దగ్గరికి నడిపించాయి. ప్రతి అడుగుకూ మేం ఊ కొట్టి ఉన్నాం. అందుకే ఆ కత్తి మా మెడ మీదా పడింది. ఆ లోకంలో మాటకు బరువుండేది, దారికి దూరముండేది. దక్షిణాన్నుంచి రాజు ఉత్తరాన వింటర్‌ఫెల్ కోట చేరడానికి నెల పట్టేది. ఆ నెలరోజుల దుమ్ములో స్నేహాలు వాడేవి, పగలు మొలిచేవి. మూడో సీజన్‌లో చేయి తెగిన జేమీ లానిస్టర్ వేన్నీళ్ళ తొట్టిలో కూర్చుని, రాజును చంపిన పాపి అని లోకం ఉమ్మేసిన తాను అసలెందుకు చంపాడో, నగరం కాలిపోకుండా ఎలా ఆపాడో చెప్పుకున్నప్పుడు, ఆవిరిలో కరిగింది అతని గర్వం ఒక్కటే కాదు, మా తీర్పు కూడా. పగవాడి కోసం గుండె తడి చేసుకోవడం నేర్పిన కథ అది.

అదేమీ మాకు కొత్త విద్య కాదు. మా జిల్లా గడ్డ మీదే అంతటి కథ ఉంది. 1757 జనవరి 24. బొబ్బిలి కోట మీద ఒకవైపు ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, ఒకవైపు విజయనగరం విజయరామరాజు పంతం. పొలిమేర తగాదాలు, నీళ్ళ తగాదాలు, పాత అవమానాలు, కోట విడిచిపెట్టమన్న కబురు, విడవనన్న రంగారావు పౌరుషం. ఒక్కో పుల్లా పేర్చుకుంటూ వచ్చి ఆఖరికి చితి అయింది. కోటలో ఆడవాళ్ళూ పిల్లలూ బూడిదయ్యారు. కొన్ని రాత్రుల తరవాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలోకి చొరబడి పగ తీర్చుకుని నేలకొరిగాడు. బుర్రకథ దళం ఆ కథ ఎత్తుకుంటే, తంబురా మోగకముందే ముగింపేమిటో పాలు తాగే పిల్లకు తప్ప అందరికీ తెలుసు. అయినా ఊరంతా చాపలు పరుచుకుని తెల్లవార్లూ కూర్చునేది. విజయనగరం పక్కనున్న ఊరు మాది, అయినా ఏడ్చేది బొబ్బిలి కోసం. పక్కన నిలబడ్డ వంతలు డక్కీ మీద దరువు వేసి, తరవాతేమైందని కథకుణ్ణి అడిగేవాళ్ళు. ఊరందరి తరఫున ఊ కొట్టడానికి మనవాళ్ళు ఇద్దరు మనుషుల్నే నిలబెట్టారు! కథ బలం ముగింపు దాచడంలో లేదు. ముగింపు తెలిసినవాణ్ణి కూడా, ఈసారైనా తప్పిపోతుందేమోనన్న ఆశతో, దారి పొడవునా నడిపించడంలో ఉంది.

ఆ దారే తెగిపోయింది.

మార్టిన్ అయిదో నవల 2011లో వచ్చింది. ఆరోది రాలేదు. 2016 నాటికి తెర మీది కథ పుస్తకాన్ని దాటేసింది. నదిలో పడవకు తాడు తెగినట్టయింది. మొదట్లో తెలియలేదు, ప్రవాహం ముందుకే మోస్తోంది కదా. ఆ ఏడే హోడోర్ అనే సేవకుడు తలుపుకు వీపు ఆన్చి నిలబడి, తన పేరుకు అర్థం తన చావుతో చెప్పినప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాం. తరవాత మెల్లగా నీటి అడుగున ఇసక తగలడం మొదలైంది. ఆరు సీజన్లకు పదేసి భాగాలు. ఏడో సీజన్‌కు ఏడు, ఎనిమిదికి ఆరు. ఇంకా తీస్తామంటే ప్రసారం చేసే హెచ్‌బీవో కాదనేది కాదు. తీసేవాళ్ళే చాలన్నారు. నెల పట్టిన దారి ఇప్పుడు రెప్పపాటు. మంచు కొండల నడుమ చిక్కుకున్నవాళ్ళ కబురు కాకి మోసుకుపోవడం, సముద్రం అవతలి కోటలోంచి రెక్కల సర్పాలు దిగిరావడం, అన్నీ ఒక్క ఊపిరిలో. కోటలో ఉన్నవాడు ఒక్క మాటలో ఇంటికొచ్చీసినాడు. నేను చీకట్లో ఊ ఆపి ఎదురుచూశాను. మంచం కిర్రుమంటుందేమోనని. వాళ్ళు లేచి కూర్చుంటారేమోనని.

ఆరు సోమవారాలు. వాటిని వేళ్ళ మీద కాదు, గాయాల మీద లెక్కపెట్టుకుంటాను.

రెండో సోమవారం ఒక్కటి పూర్ణిమ. రేపు చావు తప్పదని తెలిసినవాళ్ళు నెగడి చుట్టూ కూర్చున్నారు. ఆడదానివని లోకం ఇవ్వని వీరపట్టాన్ని జేమీ తన కత్తిని బ్రియెన్ అనే యోధురాలి భుజాల మీద మోపి ఇచ్చాడు. మోకాళ్ళ మీదనుంచి లేచిన ఆమె ముఖంలో మెల్లగా విచ్చిన నవ్వు! ఎన్నో ఏళ్ళ అవమానాల మంచు కింద దాగిన పూవు అది. ఆ ఒక్క నవ్వుకు ఇన్నేళ్ళ ఊలన్నీ గుత్తగా చెల్లిపోయాయనిపించింది. ఇదీ కథంటే, ఇలా తీర్చాలి అప్పంటే, అని మా తమ్ముడి చేయి గట్టిగా పట్టుకున్నాను.

మూడో సోమవారం, ఏప్రిల్ 29, మహాయుద్ధం. 55 రాత్రులు చలిలో వణుకుతూ తీసిన ఘట్టం. చీకటి ఎంత చిక్కగా ఉందంటే, పైన ఎండెక్కుతుంటే ఆ నల్లటి అద్దంలో మా మొహాలే మాకు కనపడ్డాయి. మొదటి భాగం మొదటి దృశ్యంనుంచి మనిషి జాతి మీదికి కమ్ముకొస్తున్న మృత్యువు, ఏ సింహాసనమూ దాని ముందు నిలవదని ఇన్నేళ్ళూ హెచ్చరించిన మృత్యువు, ఒక్క రాత్రిలో ఒక్క బాకుపోటుకు పెంకుముక్కలైపోయింది. ఎందుకు వచ్చాడో, ఏం కోరాడో చెప్పకుండానే పోయాడు ఆ మంచురాజు. ఎవరూ ఊహించకూడదన్న తపన ఆ పోటులో మెరిసింది. ఊహించకుండా వచ్చేది పిడుగు. ఎదురుచూస్తే వచ్చేది వాన. పంట పండేది పిడుగుకా, వానకా?

ఆ వారంలోనే ఫొని తుపాను మా ఉత్తరాంధ్ర తీరాన్ని ఒరుసుకుంటూ పోయి, మే 3న పూరీ దగ్గర తీరం దాటింది. ఎప్పుడు పుట్టింది, ఎటు తిరుగుతోంది, ఎంత వేగంతో వస్తోంది అని రోజుల ముందునుంచీ రేడియో చెబుతూనే ఉంది. ముందే తెలిసినందువల్ల ఆ గాలి భయం తగ్గిందా? ఒక్కో అంకె వింటున్నకొద్దీ శ్రీకాకుళం కొబ్బరితోటల కోసం గుండె దడ పెరిగింది. ప్రకృతి కూడా తన విలయాన్ని అంచెలంచెలుగా చెప్పి మరీ తెస్తుంది. మూడు రోజుల తరవాత, మే 6న, నాలుగో భాగంలో శత్రునౌకలు ఎక్కడినుంచో ఊడిపడి ఒక డ్రాగన్‌ను కూల్చాయి. ఆ నౌకల సంగతి రాణి డెనేరిస్ మరిచిపోయిందని తీసినవాళ్ళే చెప్పారు. అదే భాగంలో మధ్యయుగపు విందుబల్ల మీద ఎవరో మరిచిపోయిన కాగితపు కాఫీ కప్పు కనపడింది. లోకమంతా దాన్ని చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గుళ్ళో దేవుడి ముందు ఎవరో చెప్పులు వదిలి వెళ్ళినట్టు చివుక్కుమంది. కప్పును తరవాత చెరిపేశారు. మరుపును ఎలా చెరుపుతారు?

అయిదో సోమవారం, మే 13. నగరం లొంగిపోయింది, గంటలు మోగాయి. ఆ గంటల మోతలో రాణి డెనేరిస్ తన డ్రాగన్‌ను లేపి ఊరి మీద నిప్పు కురిపించింది. వీధులు, పసిపిల్లలు, బొమ్మలు, అన్నీ బూడిద. మేమిద్దరం ఫోను ఆర్పేసి అలా కూర్చుండిపోయాం. పక్క పడవ నీడలో ఒక తాత వల బాగుచేసుకుంటున్నాడు. వేట లేని 61 రోజులూ వాళ్ళకు ఆ పనే. కాలి బొటనవేలికి వల అంచు తగిలించుకుని, చెక్కసూదితో తెగిన కన్నుల్ని ఒక్కొక్కటే ముడివేస్తున్నాడు. మా మొహాలు చూసి చేయి ఆపాడు.

"ఏటి బాబూ, ఎవులైనా పోనారేటి?"

"కథలో, తాతా. రాణి ఊరంతా కాల్చేసింది."

"ఎందుకు కాల్చినాది?"

మేం నోరు తెరిచాం. ఆమె తండ్రి పిచ్చివాడన్నాం. నేస్తురాలిని చంపారన్నాం. ప్రేమించినవాడు దూరమయ్యాడన్నాం. అన్నీ నిజమే, కానీ చెబుతుంటే మా గొంతులో మాకే నమ్మకం లేదు. ఆయన శ్రద్ధగా విన్నాడు. సూది మళ్ళీ కదిలింది.

"ఇయన్నీ ముళ్ళే గానీ మజ్జిని కన్నులు లేవు బాబూ. ఇలాటి వలలో సేప నిలుస్తాదేటి?"

అమ్మా డెనేరిస్, తల్లీ! చితిలోకి నడిచి మూడు గుడ్లను మూడు ప్రాణాలుగా ఒడిలో ఎత్తుకొచ్చిన దానివి. సంకెళ్ళు తెగిన చేతులు వేలకొద్దీ నీ వైపు చాచి అమ్మా అని పిలిస్తే, ఆ జనసముద్రంలో తేలిపోయిన దానివి. నువ్వు కాల్చకూడదని కాదమ్మా నా వేడుకోలు. నీ రక్తంలో నిప్పుందని మొదటినుంచీ తెలుసు. కరుణ చేసే చేయే క్రూరమవుతుందనీ, న్యాయం నెత్తికెక్కితే నరకమవుతుందనీ నీ కథ మాకు చెప్పగలిగేది. ఆ విషాదానికి విత్తనం పడే ఉంది. విత్తుకూ కోతకూ మధ్య రావలసిన కార్తెలన్నీ ఎగ్గొట్టి, ఒక్క పొద్దులో పండిపొమ్మన్నారు నిన్ను. నువ్వు రాక్షసివి కాలేదు తల్లీ. నిన్ను రాక్షసిని చేసేంత ఓపికైనా నీ వాళ్ళకు లేకపోయింది. బ్రియెన్‌కు పట్టం కట్టిన జేమీ అదే పొద్దున తన ఏళ్ళనాటి మారుమనసును కాలిగుడ్డలా విప్పి పారేసి, అమాయక జనం తనకెన్నడూ పట్టలేదని చెప్పి, రాళ్ళ కింద పడి పోయాడు. నగరం కోసం రాజును చంపి శాపం మోసినవాడు! వేన్నీళ్ళ తొట్టిలో ఆ రోజు కార్చిన కన్నీరు ఎవరిది మరి?

మే 20న ఆఖరి భాగం. మంచికథను మించిన బలం లోకంలో లేదన్న అర్థం వచ్చే మాట జేమీ తమ్ముడు టిరియన్ నోట పలికించారు. ఆ బలాన్ని చేతులారా పారబోసుకున్న ఇంట్లో ఆ మాట వింటుంటే, ఎండిన చెరువుగట్టు మీద నిలబడి నీటి పాట విన్నట్టుంది. ఆ రాత్రి అమెరికా ఒక్కదానిలోనే 1.93 కోట్ల మంది చూశారు. ఆ సీజన్‌ను సరైన రచయితలతో తిరిగి తీయమని 18 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. అహంకారం అన్నారు కొందరు. టీవీ సీరియల్ కోసం ఇంత ఏడుపా అన్నారు ఇంకొందరు. నాకు ఆ సంతకాల్లో కోపం కనపడలేదు. 18 లక్షల నులకమంచాల మీద ఒకేసారి ఆగిపోయిన ఊ వినపడింది. వెనక్కి పోదాం పద అనే నాయనమ్మ కోసం 18 లక్షల మంది పిల్లలు చీకట్లో కళ్ళు తెరుచుకుని ఉన్నారు. మంచం కిర్రుమనలేదు.

ఇంకా ఎక్కువ నొప్పి ఎక్కడంటే, మిగిలిన చేతులన్నీ కడదాకా తమ పని చేశాయి. రామిన్ జవాదీ సంగీతం చివరి స్వరం దాకా వెన్నెల కురిపించింది. కుట్టినవాళ్ళ సూది తప్పలేదు, కోటలు కట్టినవాళ్ళ తాపీ తప్పలేదు, నటులు తమ కళ్ళలో ఆరని దీపాలు పెట్టుకుని నిలబడ్డారు. ఆ సీజన్‌కు 32 ఎమ్మీ నామినేషన్లు, 12 అవార్డులు వచ్చాయి. రథం అంత అందంగా ఉంది, గుర్రాలు అంత బలంగా ఉన్నాయి. పగ్గం పట్టిన చేయి గమ్యం చూసింది గానీ దారి చూడలేదు. శిల్పం చెక్కడం రానివాడు రాయి పాడుచేస్తే మనసు సరిపెట్టుకుంటుంది. అంత గొప్పగా చెక్కినవాడే కళ్ళు తెరిపించే వేళ ఉలి తొందరపడితే, ఆ గుడ్డి విగ్రహం ముందు ఎలా నిలబడాలి?

జూన్ 14 అర్ధరాత్రితో నిషేధం ముగిసింది. పడవలకు పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కెరటాల మీదికి తోశారు. ఆ తాత వల కూడా వెళ్ళింది. 61 రోజుల ఓపిక ఒక్కో కన్నులో ముడిపడి ఉన్న వల. ఎండకు తెల్లబడ్డ పాత దారం పక్కన కొత్త దారం మెరుస్తూ కనపడింది. పాతదానికి కొత్తది అతికిన చోట ఆయన రెండేసి ముళ్ళు వేశాడు, బరువు పడేది అక్కడే కనుక.

మార్టిన్ ఆరో నవల కోసం ఇంకా ఎదురుచూస్తున్నాను. వేసవి వచ్చినప్పుడల్లా, జీడిపళ్ళ వాసన ఉప్పుగాలిలో కలిసినప్పుడల్లా, ముక్కాం ఇసక మీద కాసేపు కూర్చుంటాను. ఆ లోకపు మంచుగోడ కళ్ళముందు లేస్తుంది, చితిలోంచి ఒక తల్లి నడిచి వస్తుంది, వేన్నీళ్ళ ఆవిరిలో ఒక పాపి తన నిజం చెప్పుకోవడం మొదలుపెడతాడు. అక్కడిదాకా ఊ కొట్టాను. ఆ తరవాతి ఊ గొంతులో ఉంది, మింగలేదు. ఎవరైనా లేచి కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, కోట కాడికే పోదాం పద అంటే, మొదటి గోడ దగ్గరే ఇచ్చేస్తాను.